కుక్కకి ట్రైనింగ్: అందరూ అడిగే డౌట్లు, వాటికి జవాబులు

కుక్కని తెచ్చుకున్న ప్రతి ఇంట్లోనూ మొదటి ఏడాదిలో దాదాపు ఇవే డౌట్లు వస్తాయి, అడిగేవాళ్ళు మారతారు కానీ ప్రశ్నలు మారట్లేదు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీ కుక్క ఏ దశలో ఉందో చూసుకుని కావాల్సింది చదువుకోండి, మొదటి నుంచి చదవాల్సిన పనిలేదు. లాబ్రడార్ అయినా, షిట్జూ అయినా, వీధిలోంచి తెచ్చుకున్న ఇండీ అయినా నేర్చుకునే పద్ధతి ఒకటే: ఏం చేస్తే తనకి మంచి జరిగిందో అది మళ్ళీ చేస్తుంది, ఏం చేస్తే ఏమీ దక్కలేదో అది మెల్లగా మానేస్తుంది.

## తెచ్చుకునేటప్పుడు, మొదటి రోజుల్లో

నెల రోజుల పిల్లని ఇస్తామంటున్నారు, చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా అలవాటవుతుంది కదా?

వద్దండి. 8 వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలి. 2017లో వచ్చిన కుక్కల బ్రీడింగ్, అమ్మకాల రూల్స్ ప్రకారం కూడా 8 వారాల లోపు పిల్లని అమ్మకూడదు. ఆ వారాల్లో తల్లితో, తోడబుట్టినవాటితో ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరికితే అవతలిదానికి నొప్పి పుడుతుందో తెలుసుకుంటుంది, గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుంది కాబట్టి. ముప్పై రోజులకే విడదీసి తెచ్చిన పిల్లలు చాలావాటికి ఆ లెక్క తెలీదు, తర్వాత అది మన చేతుల మీద నేర్చుకోవాల్సి వస్తుంది.

ట్రైనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆరు నెలలు ఆగమంటున్నారు

ఇంటికి వచ్చిన రోజే. ఆరు నెలలు ఆగాలనే మాట మెడలో చోక్ చెయిన్ వేసి గుంజి నేర్పే రోజులది, చిన్నపిల్ల ఆ గుంజుడు తట్టుకోలేదు కాబట్టి అలా అనేవాళ్ళు. తిండితో, మెచ్చుకోలుతో నేర్పేదానికి ఆగాల్సిన అవసరం లేదు. మీరు నేర్పినా నేర్పకపోయినా అది రోజంతా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటుంది, ఏడిస్తే ఎత్తుకుంటారు, చెప్పు పట్టుకుంటే వెనకాల పరిగెడతారు, ఇవన్నీ పాఠాలే. ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు చాలు.

వ్యాక్సిన్లు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్ళొద్దని డాక్టర్ గారు అన్నారు, మరి అలవాట్లు ఎలా?

డాక్టర్ గారి భయం నిజమైనదే, మన దగ్గర పార్వో అనే వైరస్ జబ్బు ఎక్కువ, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. కానీ ఇంకో నిజం కూడా ఉంది. కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునే వయసు సుమారు 3 వారాల నుంచి 14 వారాల వరకే, టీకాల కోర్సేమో 16 వారాల దాకా సాగుతుంది. అప్పటిదాకా నాలుగు గోడల మధ్యే ఉంచితే టీకాలు పూర్తయ్యేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది.

మధ్యేమార్గం ఏంటంటే ఎత్తుకుని తిప్పండి. నేల మీద దించకుండా, తెలియని కుక్కల దగ్గరికి పోనివ్వకుండా, బాల్కనీలోంచి, గేటు దగ్గర నుంచి, కారు కిటికీలోంచి లోకాన్ని చూపించండి. ఆటోలు, బుల్లెట్ బండి చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, బుర్ఖా, చేతికర్ర పట్టుకున్న తాతగారు, గోలగా ఆడుకునే పిల్లలు. ఇంట్లో అయితే కుక్కర్ విజిల్, మిక్సీ, గిన్నెలు కిందపడే చప్పుడు. కొత్తది కనిపించిన ప్రతిసారీ చిన్న ముక్క నోట్లో పెట్టండి. బెదిరితే దూరం పెంచండి, దగ్గరికి తోసి "ఏం కాదులే" అని బలవంతపెట్టొద్దు. వ్యాక్సిన్లు వేయించుకున్న తెలిసినవాళ్ళ కుక్క ఉంటే వాళ్ళింట్లో ఆడనివ్వచ్చు. ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఈ జవాబే చదవండి, పెద్దయ్యాక వచ్చే మొరుగుళ్ళు, కరవడాలు చాలావరకు ఈ కొన్ని వారాల లోటే.

నేను సిట్ అంటా, మా ఆవిడ కూర్చో అంటుంది, పనమ్మాయి బైఠో అంటుంది, వాడికి అర్థమవుతుందా?

భాష ఏదైనా ఫర్వాలేదు, దానికి తెలుగూ ఇంగ్లీషూ రెండూ శబ్దాలే. కానీ ఒక పనికి ఒకటే మాట ఉండాలి. ఇంట్లో అందరూ కూర్చుని ఏడెనిమిది మాటలు ఖాయం చేసుకుని ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. "రా" అనే మాట మనం ఇంట్లో మనుషులతో రోజుకి వంద సార్లు వాడతాం కాబట్టి కుక్కని పిలవడానికి వేరే మాట పెట్టుకోవడం మంచిది. ఇంకోటి, "సిట్ సిట్ సిట్ సిట్" అని అరవొద్దు, అలా అలవాటైతే నాలుగోసారి దాకా ఆగడమే నేర్చుకుంటుంది.

మేం స్ట్రిక్ట్‌గా ఉన్నా మా అత్తగారు భోజనం చేస్తూ కంచంలోంచి పెడతారు

ప్రేమతో పెడతారు, ఆవిడతో గొడవపడి లాభం లేదు. ఆవిడకి ఒక పని అప్పగించండి: పెట్టాలనుకున్నది పక్కన తీసి ఉంచి అందరి భోజనాలూ అయ్యాక కుక్క గిన్నెలో, దాని చోట్లో ఆవిడ చేత్తోనే పెట్టాలి, పెట్టేముందు కూర్చోమనాలి. ఆవిడకి పెట్టిన తృప్తి ఉంటుంది, కుక్కకి కంచం దగ్గర అడుక్కుంటే ఏమీ రాదని తెలుస్తుంది. కంచం దగ్గర పదిసార్లు కాదని పదకొండోసారి పెట్టినా చాలు, అప్పుడప్పుడు దొరికేదాన్ని కుక్క అసలు వదలదు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు మాత్రం ఎవరూ పెట్టకూడదని ఆవిడకి ముందే చెప్పండి, అవి ప్రాణం మీదకి తెస్తాయి.

## మొదటి మూడు నాలుగు నెలలు: టాయిలెట్, కొరకడం

ఇల్లంతా ఒంటికి పోస్తోంది, ఎప్పటికి నేర్చుకుంటుంది?

వయసు ఎన్ని నెలలో సుమారుగా అన్ని గంటలు ఆపుకోగలదు, అంటే రెండు నెలల పిల్లకి రెండు గంటలు, అదీ ఆడకుండా ఉన్నప్పుడు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకి, ఆట మధ్యలో, పడుకునే ముందు తీసుకెళ్ళండి. ఒకే చోటికి తీసుకెళ్ళండి, ఫోన్ చూడకుండా నిలబడండి, అయిపోయిన క్షణంలో అక్కడికక్కడే ట్రీట్ పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

మీరు చూడలేని టైంలో ఇల్లంతా వదిలేయకండి, చిన్న కంచె పెట్టి ఒక మూల ఉంచండి. ఇంట్లో పోస్తే ఫినాయిల్ సరిపోదు, మన ముక్కుకి వాసన పోతుంది కానీ దాని ముక్కుకి పోదు, పైగా పిల్లలు నేల నాకుతాయి. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అది వాడండి. అపార్ట్‌మెంట్లో నాలుగో అంతస్తు నుంచి లిఫ్ట్ కోసం ఆగేలోపు అయిపోతుంది కాబట్టి చిన్నప్పుడు ఎత్తుకునే దించండి.

తప్పు చేసినచోట ముక్కు పెట్టి రుద్దితే మానేస్తుందట, నిజమేనా?

మానదు. రెండు నిమిషాల క్రితం చేసినదానికీ ఇప్పుడు పడిన దెబ్బకీ ముడి వేసుకోలేదు. మీ ముందు పోస్తే ప్రమాదం అని మాత్రం నేర్చుకుంటుంది, తర్వాత నుంచి సోఫా వెనకాల, మంచం కింద పోస్తుంది, వాకింగ్‌లో మీ ముందు పోయనే పోయదు. తల దించుకుని చెవులు వాల్చి చూస్తుంది కదా, తప్పు తెలిసే అలా చూస్తోంది అనుకుంటారు, అది మీ మొహం చూసి పడే భయం.

చేతులు, చీర కొంగు, పిల్లల పైజామాలు అన్నీ పీకుతోంది

పళ్ళు మారే వయసు, 28 పాలపళ్ళు ఊడి 42 పళ్ళు రావాలి, ఆరేడు నెలలకి అయిపోతుంది. చెయ్యి కొరికితే ఆట ఆపి, చెయ్యి కట్టేసుకుని అటు తిరిగి పది ఇరవై సెకన్లు ఆగండి, తర్వాత నోటికి బొమ్మ ఇచ్చి మళ్ళీ ఆడండి. చెయ్యి విసురుగా లాక్కుంటే, కెవ్వుమని అరిస్తే ఆట ఇంకా మజాగా ఉందనుకుని మళ్ళీ వస్తుంది. తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డ, చల్లటి క్యారెట్ ఇవ్వండి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఈ వయసు పిల్ల రోజుకి 18 గంటల దాకా నిద్రపోవాలి, సాయంత్రం పిచ్చిపట్టినట్టు కొరుకుతోందంటే చాలాసార్లు నిద్ర చాలకే. ఆ టైంలో ఇంకా ఆడించకండి, పడుకోబెట్టండి.

## బేసిక్స్ నేర్పేటప్పుడు

సిట్ నేర్పడం ఎలా? నడుము మీద నొక్కుతుంటే లేచిపోతోంది

నొక్కకండి, నొక్కితే ఎదురు తోస్తుంది. శనగగింజంత ముక్క వేళ్ళ మధ్య పట్టుకుని ముక్కుకి ఆనించి మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి, తల పైకి లేస్తే పిర్రలు వాటంతట అవే కిందకి వస్తాయి. పిర్రలు నేలకి తగిలిన క్షణంలో "యస్" అనండి, అన్నాకే ముక్క ఇవ్వండి. ఆ "యస్" చాలా ముఖ్యం, కెమెరా క్లిక్ లాంటిది, ఏ క్షణంలో ఏం చేసినందుకు ఇస్తున్నారో కుక్కకి ఫోటో తీసి చూపిస్తుంది. సెకను ఆలస్యమైతే అప్పటికే లేచి నిలబడి ఉంటుంది, లేచినందుకు ఇచ్చినట్టవుతుంది. నేర్చుకోవట్లేదని కంప్లైంట్ వచ్చిన చాలా ఇళ్ళల్లో తేడా ఈ టైమింగ్ దగ్గరే.

ఐదారు సార్లు అయ్యాక ముక్క లేకుండా ఉత్త చేత్తో అదే సైగ చెయ్యండి, ముక్క ఇంకో చేతిలోంచి ఇవ్వండి. సైగకి ఖాయంగా కూర్చుంటున్నప్పుడు మాట కలపండి, ముందు మాట, తర్వాత సైగ. మొదటి రోజే మాట అనేస్తుంటే అది దానికి ఉత్త చప్పుడే.

ట్రీట్ చేతిలో ఉంటేనే వింటాడు, లేకపోతే మొహం కూడా చూడడు

ముక్క ముందు చూపించి పని అడుగుతున్నారు, అందుకే అలా. పని అయ్యాకే ముక్క బయటికి రావాలి, జేబులోంచో, అల్మరా మీద డబ్బాలోంచో. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీకపోతే అన్నిసార్లూ వింటుంది. పని బాగా వచ్చాక ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు, రెండోసారికి, ఐదోసారికి, మళ్ళీ వెంటనే, అలా లెక్క తెలీకుండా ఇవ్వండి. తిండి ఒక్కటే బహుమతి కాదు కూడా, తలుపు తెరవడం, బాల్ విసరడం, చెట్టు వాసన చూడనివ్వడం, ఇవన్నీ "కూర్చుంటే దొరుకుతుంది" కిందకి మార్చుకోవచ్చు. కానీ ఇచ్చేది పూర్తిగా ఆపేయకండి, జీతం రాని పని ఎవరూ ఎక్కువ కాలం చెయ్యరు.

మేం శాకాహారులం, ట్రీట్లుగా ఏం పెట్టాలి?

పనీర్ ముక్కలు, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్, గుమ్మడికాయ, గింజ తీసిన యాపిల్, ఉప్పు లేని వేరుశనగ పలుకులు కొన్ని. తినేవాళ్ళయితే ఉడికించిన చికెన్‌నీ గుడ్డునీ మించింది లేదు. ముక్క గోరంత చాలు, దానికి సైజు కాదు ఎన్నిసార్లు వచ్చిందన్నదే లెక్క. రోజు తిండిలో పదో వంతు దాటనివ్వకండి, లేదంటే రోజూ పెట్టే డాగ్ ఫుడ్‌లోంచే గుప్పెడు తీసి ట్రైనింగ్‌కి వాడండి. పంచదార లేనివని అమ్మే చూయింగ్ గమ్, మిఠాయిల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్కకి విషం.

ఇంట్లో చెప్పినవన్నీ చేస్తాడు, బయటికెళ్తే అసలు వినడు, మొండితనమా?

మొండితనం కాదు. హాల్లో సోఫా ముందు నేర్చుకున్న సిట్ దాని లెక్కలో హాల్లో సోఫా ముందు చేసే సిట్టే, లిఫ్ట్ దగ్గర అది కొత్త పాఠం. ముందు బెడ్‌రూంలో, తర్వాత కారిడార్‌లో, సెల్లార్‌లో, ఖాళీగా ఉన్న టైంలో పార్కులో, చివర్లో జనం ఉన్న టైంలో చేయించండి. చోటు మారిన ప్రతిసారీ ఒక మెట్టు దిగి మళ్ళీ సైగతో, మంచి ట్రీట్‌తో మొదలుపెట్టండి. దూరం, ఎంతసేపు ఆగాలి, చుట్టూ గోల, ఈ మూడిట్లో ఒకసారికి ఒకటే పెంచాలి, మూడూ ఒకేసారి పెంచి ఫెయిలైందనడం దానికి అన్యాయం.

పిలిస్తే రాడు, దగ్గరికెళ్తే పరిగెడతాడు

ఎప్పుడెప్పుడు పిలుస్తున్నారో గుర్తు చేసుకోండి. స్నానానికి, మాత్ర వేయడానికి, పార్కులో ఆట ఆపేసి ఇంటికి తీసుకెళ్ళడానికి. పిలుపు అంటేనే మంచిది ఆగిపోవడం అని తేల్చుకుంది. కొత్త మాట ఒకటి పెట్టుకోండి, ఆ మాట విన్న ప్రతిసారీ ఇంట్లో దొరికే అన్నిటికంటే మంచి ముక్క దొరకాలి. పార్కులో పదిసార్లు పిలిచి, ముక్క పెట్టి, మళ్ళీ ఆడుకోమని వదిలేయండి, పదకొండోసారి బెల్టు తగిలించండి. స్నానానికి పిలవకండి, మీరే వెళ్ళి తెచ్చుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎంత కోపంగా ఉన్నా వచ్చాక తిట్టొద్దు. పిలుపు గట్టిపడేదాకా ఐదు నుంచి పది మీటర్ల పొడుగు తాడు కట్టి వదలండి, మన రోడ్ల మీద బెల్టు లేకుండా వదలడం ఎంత బాగా నేర్చుకున్న కుక్కకైనా ప్రమాదమే.

## ఆరు నెలలు దాటాక

అన్నీ నేర్చుకున్నాడు, ఎనిమిదో నెలలో అన్నీ మర్చిపోయాడు

టీనేజ్. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఇలాగే ఉంటుంది, పెద్ద జాతులకి ఇంకొంచెం ఎక్కువ. మర్చిపోలేదు, బయట వాసనలు ఇప్పుడు మీకంటే ఇంట్రస్టింగ్‌గా ఉన్నాయి, అంతే. కుక్కల్ని వదిలేయడాలు ఎక్కువ ఈ వయసులోనే జరుగుతాయి, అది చూస్తే చాలా బాధేస్తుంది, ఇంకో ఏడాది ఓపిక పడితే అదే కుక్క ఇంటికి ప్రాణం అయ్యేది. ఈ టైంలో కొత్తవి నేర్పకుండా పాతవే సులువు చేసి, ట్రీట్ల నాణ్యత పెంచి నడిపించండి.

వాకింగ్‌లో నన్ను లాక్కెళ్తున్నాడు, చెయ్యి ఊడిపోతోంది

లాగితే ముందుకెళ్ళగలుగుతోంది కాబట్టి లాగుతోంది. బెల్టు బిగుసుకున్న క్షణంలో చెట్టులా ఆగిపోండి, వదులైన క్షణంలో నడవండి. మీ కాలి పక్కన నడిచిన ప్రతి నాలుగడుగులకీ మీ కాలి దగ్గరే ముక్క ఇవ్వండి. మొదటి వారం వీధి చివర దాకా కూడా వెళ్ళలేరు, ఫర్వాలేదు. ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ (మెడకి కాకుండా ఒంటికి వేసే పట్టీ) వాడితే చేతికి సులువవుతుంది. నడకలో సగం టైం మాత్రం దానికి వదిలేయండి, వాసన చూడటం దానికి పేపర్ చదవడం, వాసన చూసినా అలసిపోతుంది. మన ఎండాకాలంలో పొద్దున ఆరున్నర లోపు, సాయంత్రం రోడ్డు చల్లబడ్డాకే, చెయ్యి వెనక వైపు తారు మీద ఐదు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి.

కాలింగ్ బెల్ మోగితే చాలు, డెలివరీ అబ్బాయి వెళ్ళేదాకా మొరుగుతూనే ఉంటుంది

దాని వైపు నుంచి చూడండి, మనిషి వచ్చాడు, నేను మొరిగాను, వెళ్ళిపోయాడు, రోజుకి మూడుసార్లు గెలుస్తోంది. మనం "ఏయ్, ఊరుకో" అని అరిస్తే మనమూ కలిసి మొరుగుతున్నాం అనుకుంటుంది. బెల్ అంటే చాప మీదకెళ్ళి పడుకోవడం అని నేర్పాలి. మనుషులు లేకుండా ఇంట్లోవాళ్ళే బెల్ కొట్టి, కొట్టగానే చాప మీద నాలుగు ముక్కలు చల్లండి. రోజూ చేస్తే బెల్ మోగగానే తనే చాప వైపు పరిగెడుతుంది, అప్పుడు నిజం మనుషులతో చెయ్యండి.

మీ దృష్టి కోసం మొరిగేది వేరు. దానికి పట్టించుకోకపోవడమే మందు, కానీ ఆపేముందు ఒకసారి ఇంకా గట్టిగా మొరుగుతుంది, ఇంతకుముందు పనిచేసింది కదా అని. చాలామంది అక్కడే లొంగిపోతారు, దాంతో ఇంకా గట్టిగా మొరిగితే పనవుతుందని నేర్పినట్టవుతుంది.

మనమే ఆల్ఫా, అంటే గుంపుకి నాయకులం అని చూపించాలట, వెల్లకిలా పడేసి పట్టుకోవాలట

ఇది 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనుల్లో పెట్టిన తోడేళ్ళని చూసి రాసినదాంట్లోంచి పుట్టింది, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళని ఇరుకులో పెడితే కొట్టుకున్నాయి. ఆల్ఫా మాటని జనంలోకి తీసుకెళ్ళినవాళ్ళలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి చూసి, అక్కడ గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలూ అని 1999లో రాశారు. ఇక కుక్క తోడేలు కూడా కాదు. వెల్లకిలా పడేస్తే అది భయపడుతుంది, భయపడిన కుక్క మొహం మీద కరుస్తుంది.

కొట్టకుండా, షాక్ కాలర్ లేకుండా మొండి కుక్కలకి నేర్పగలమా?

నేర్పగలం, చెప్పులు కొరికే కుక్కకి చెప్పులు అందకుండా పెట్టడం కూడా ట్రైనింగే. దెబ్బకి ఆ క్షణం ఆగుతుంది, కానీ బదులు ఏం చెయ్యాలో దెబ్బ చెప్పదు. ఇంకో కుక్కని చూసి మొరిగినప్పుడల్లా మెడకి షాక్ తగిలితే ఇంకో కుక్క అంటేనే నొప్పి అనుకుంటుంది, కోపం తగ్గదు, పెరుగుతుంది. రోజంతా గొలుసుతో కట్టేయడం కూడా ఇలాంటిదే, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం కొట్టడం, ఎక్కువసేపు పొట్టి గొలుసుతో కట్టేయడం నేరాలు కూడా.

## భయం, కోపం, పెద్ద కుక్కలు

తినేటప్పుడు దగ్గరికెళ్తే గుర్రుమంటుంది, తిట్టాలా?

తిట్టొద్దు. గుర్రుమనడం "దూరంగా ఉండు" అని మర్యాదగా చెప్పడం. ఆ వార్నింగ్‌ని తిట్టి మాన్పిస్తే వార్నింగ్ లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. గిన్నె లాక్కుని అలవాటు చెయ్యాలనేది కూడా తప్పు, మీరు దొంగ అని రుజువు చేస్తున్నారంతే. దూరంగా, అది గుర్రుమననంత దూరంలో నడుస్తూ గిన్నెలోకి చికెన్ ముక్క విసిరి వెళ్ళిపోండి. రోజులు గడిచేకొద్దీ మీరు వస్తుంటే తలెత్తి ఎదురుచూస్తుంది, అప్పుడు కొంచెం కొంచెంగా దగ్గరవ్వండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తినేటప్పుడు వేరే గదిలో తలుపు వేసి పెట్టండి, ఇందులో రిస్క్ తీసుకోకూడదు.

దీపావళి వస్తుందంటే భయం, మంచం కింద వణుకుతూ కూర్చుంటుంది

రెండు మూడు నెలల ముందే ఫోన్‌లో టపాసుల శబ్దం అతి తక్కువ సౌండ్‌తో పెట్టి, అది వినిపిస్తున్నంతసేపు మంచి తిండి పెట్టండి, చెవి నిక్కపొడిచి మళ్ళీ తింటుంటే చాలు, తినడం ఆపితే సౌండ్ ఎక్కువైందని అర్థం. పండగ రోజు సాయంత్రం వెలుగుండగానే వాకింగ్ ముగించి, కిటికీలు మూసి, ఫ్యాన్, టీవీ పెట్టి లోపలి గదిలో ఉంచండి. మంచం కింద దాక్కుంటే లాగకండి. దగ్గర కూర్చుని నిమిరితే భయం పెరుగుతుందనేది అపోహ, మీ దగ్గరికొస్తే దగ్గరకు తీసుకోండి. మరీ వణికే కుక్కలకి డాక్టర్‌ని ముందే అడిగి మందు తీసుకోవడంలో తప్పేం లేదు. మెడలో పేరు, ఫోన్ నంబరు బిళ్ళ తప్పకుండా ఉండాలి, బెదిరి పారిపోయేవి ఆ రాత్రే ఎక్కువ.

వీధి కుక్కని దత్తత తీసుకున్నాం, నాలుగేళ్ళుంటాయి, ఇప్పుడు నేర్చుకుంటుందా?

బ్రహ్మాండంగా. ఇండీలు మనుషుల్ని చదివి బతికిన కుక్కలు, చెయ్యి కదిపితే అర్థం చేసుకుంటాయి. కాకపోతే మొదటి రెండు మూడు వారాలు ఏమీ నేర్పకండి, టైముకి తిండి, టైముకి వాకింగ్, ఒక మూల దానికంటూ ఒక చోటు, అంతే. లిఫ్ట్, మెట్లు, గాజు తలుపు, టీవీ అన్నీ దానికి కొత్త. మీద చెయ్యి వేయకుండా దగ్గర కూర్చుని ముక్కలు వేస్తూ ఉండండి, అది వచ్చి ముక్కు ఆనించాక సిట్‌తో మొదలుపెట్టండి.

కరిచింది, రక్తం వచ్చింది, ఏం చెయ్యాలి?

ముందు మనిషి సంగతి: గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళండి, పెంపుడు కుక్క, వ్యాక్సిన్ వేయించాం అని ఊరుకోవద్దు. పసుపు, కారం పెట్టొద్దు. తర్వాత కుక్కని వెట్‌కి చూపించండి, చెవిపోటు, పంటి నొప్పి, కీళ్ళ నొప్పి ఉన్న కుక్కలు ముట్టుకుంటే కరుస్తాయి. నొప్పి ఏమీ లేదని తేలితే అప్పుడు ట్రైనర్.

ట్రైనర్‌ని పెట్టుకుంటే ఎలా చూసుకోవాలి? నెల రోజులు వాళ్ళ దగ్గర వదిలేయమంటున్నారు

వదిలేయకండి. అక్కడ ట్రైనర్ మాట వినడం నేర్చుకుంటుంది, మీ మాట వినడం మీ ఇంట్లోనే నేర్చుకోవాలి, పైగా తలుపు వెనకాల ఏం చేస్తున్నారో మీకు తెలీదు. మాట్లాడేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: మా కుక్క సరిగ్గా చేస్తే ఏం చేస్తారు, తప్పు చేస్తే ఏం చేస్తారు? రెండోదానికి చోక్ చెయిన్, కర్ర, "కొంచెం గట్టిగా చెప్తాం" అని జవాబొస్తే ఆ మనిషి వద్దు. వారంలో గ్యారంటీ అనేవాళ్ళూ వద్దు. మీ ముందే నేర్పుతూ, బెల్టు మీ చేతికిచ్చి మీతోనే చేయించేవాళ్ళని చూసుకోండి, మొదటి క్లాసులో మీ కుక్క తోక, చెవులు ఎలా ఉన్నాయో గమనించండి, రెండో క్లాసుకి అది ఆ మనిషిని చూసి తోక కాళ్ళ మధ్య పెట్టుకుంటే మూడో క్లాసుకి పిలవకండి.